కొడుకు తండ్రికంటే పెద్దవాడా? బెక్జే రాజు ముర్యోంగ్ వయసు లెక్క కుదరట్లేదు

పాతకోటలు:

అందరికీ నమస్కారం. కొరియా మూడు రాజ్యాల (బెక్జే, కోగుర్యో, సిల్లా) కాలం గురించి ఈమధ్య చదువుతూ బెక్జే రాజు ముర్యోంగ్ (501 నుంచి 523 దాకా పాలించాడు) దగ్గర ఆగిపోయాను. సామ్‌గుక్ సాగి అనే పాత చరిత్ర గ్రంథంలో ఇతను తన ముందు రాజు డోంగ్‌సోంగ్‌కి రెండో కొడుకు అని ఉందట. అంతవరకు బాగానే ఉంది. కానీ ఇంకోచోట ముర్యోంగ్ 523లో 62 ఏళ్ల వయసులో పోయాడని చదివాను, అంటే 462 ప్రాంతంలో పుట్టి ఉండాలి. డోంగ్‌సోంగ్ ఏమో 479లో గద్దెనెక్కేటప్పటికి ఇంకా చిన్నవాడంటున్నారు. అప్పటికి ముర్యోంగ్‌కి దాదాపు 18 ఏళ్లు. మరి కొడుకెలా అవుతాడు? నేను ఏదైనా మిస్ అవుతున్నానా, లేక ఆ 62 అన్న అంకె నమ్మదగ్గది కాదా?

ఇంకో సందేహం కూడా ఉంది. కోగుర్యో రాజు గ్వాంగ్‌గెటో అంటే దండయాత్రలు, కోటలు, పెద్ద శిలాశాసనం, అతను ఎందుకు గొప్పవాడో వెంటనే అర్థమవుతుంది. ముర్యోంగ్‌ని కూడా అదే వరసలో ఎందుకు చెప్తారో మాత్రం అర్థం కావట్లేదు. సమాధి దొరికింది కాబట్టి పేరొచ్చిందా, లేక నిజంగా పాలన బాగుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాతిపలక:

మీ లెక్క కరెక్టేనండి, తేడా ఉన్నది గ్రంథంలో. సామ్‌గుక్ సాగిని కిమ్ బూసిక్ 1145లో పూర్తి చేశాడు, అంటే ముర్యోంగ్ పోయిన 600 ఏళ్ల తర్వాత, బెక్జే రాజ్యమే కూలిపోయి (660లో) ఐదు వందల ఏళ్లు కావస్తుండగా. బెక్జే సొంత రికార్డులు అప్పటికి చాలావరకు పోయాయి. కాబట్టి ఎవరి తర్వాత ఎవరు రాజయ్యారన్నది నిలిచినా ఎవరు ఎవరి కొడుకన్నది కలగాపులగం అయింది.

62 ఏళ్లన్న మాట మాత్రం సాక్షాత్తు అతని సమాధిలోంచే వచ్చింది. 1971లో గోంగ్జు ఊళ్లో ఆ సమాధి బయటపడినప్పుడు లోపలికి వెళ్లే దారిలో రెండు రాతి పలకలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. రాజు పలక మీద చైనా లిపిలో ఉన్నదాని సారాంశం ఇది: తూర్పును శాంతపరిచే మహాసేనాని, బెక్జే రాజు సామా, వయసు 62, ఫలానా సంవత్సరం (మన లెక్కలో 523) ఐదో నెల ఏడో రోజున కాలం చేశాడు. సామా అన్నది అతని అసలు పేరు, ముర్యోంగ్ అన్నది పోయాక పెట్టినది. చనిపోయిన రెండేళ్లకి సొంత మనుషులు చెక్కి లోపల పెట్టిన రాయి కాబట్టి దీన్ని కాదని ఆరు శతాబ్దాల తర్వాతి పుస్తకాన్ని పట్టుకోవాల్సిన పని లేదు.

మరి తండ్రెవరు? ఇక్కడే అసలు చిక్కు. జపాన్ వాళ్ల పాత చరిత్ర నిహోన్ షోకి (720) ఒక కథ చెప్తుంది. 461లో బెక్జే రాజు గేరో తన తమ్ముడు గోన్‌జిని జపాన్ పంపుతుంటే, వెళ్తాను కానీ నీ భార్యల్లో ఒకరిని నాకివ్వు అని గోన్‌జి అడిగాడట. గేరో నెలలు నిండిన ఒకామెనిచ్చి, దారిలో కాన్పైతే తల్లీబిడ్డల్ని వెనక్కి పంపెయ్యమన్నాడట. క్యూషు తీరం దగ్గర ఒక దీవిలో పిల్లవాడు పుట్టాడు, పడవెక్కించి బెక్జేకి పంపేశారు, అతనే ముర్యోంగ్. ఈ కథ ప్రకారం గేరో కొడుకన్నమాట. అయితే అదే పుస్తకంలో ఇంకోచోట, బెక్జే వాళ్ల పాత గ్రంథం ఒకదాన్ని ఉటంకిస్తూ, ఇతను గోన్‌జి కొడుకే, డోంగ్‌సోంగ్‌కి వేరే తల్లికి పుట్టిన అన్న అని ఉంది.

నాకైతే రెండోదే నమ్మబుద్ధవుతుంది. 475లో గేరోని కోగుర్యో వాళ్లు చంపేశాక పదేళ్లు తిరక్కుండానే మూన్‌జు, సామ్‌గున్, డోంగ్‌సోంగ్ అని ముగ్గురు రాజులు మారారు. సామ్‌గున్ గద్దెనెక్కింది 13 ఏళ్లకే. గేరో సొంత కొడుకు ఎదిగొచ్చి కళ్లముందు ఉంటే అతన్ని పక్కనపెట్టి పసివాళ్లని వెతుక్కుంటారా? రాజకుటుంబంలో ఒక పక్క కొమ్మ, తల్లి హోదా కాస్త తక్కువ, అందుకే తమ్ముడికి ముందు అవకాశం వచ్చింది అనుకుంటే అన్నీ సర్దుకుంటాయి. పండితుల్లో ఇప్పటికీ రెండు వాదాలూ ఉన్నాయి. పుట్టిన ఏడాదిలో నిహోన్ షోకికీ రాయికీ తేడా ఒక్క సంవత్సరమే అన్నది మాత్రం గమనించండి. అంత పాత కథ, ఎక్కడో వేరే దేశంలో రాసుకున్నది, ఇంత దగ్గరగా రావడం చిన్న విషయం కాదు.

వరదకట్ట:

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. సమాధి వల్ల పేరు పెరిగింది నిజమే కానీ పాలన కూడా నిజంగానే మంచిది, ముందు రాజుతో పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

ముందు బెక్జే పరిస్థితి ఏంటో చూడండి. 475లో కోగుర్యో రాజు జాంగ్సు వచ్చి హాన్‌సోంగ్ (ఇప్పటి సియోల్ ప్రాంతం) పట్టుకున్నాడు, గేరోని చంపేశాడు. హాన్ నది చుట్టూ ఉన్న మంచి నేల అంతా పోయింది. మిగిలినవాళ్లు దక్షిణానికి పరుగెత్తి గుమ్ నది ఒడ్డున కొండల మధ్య ఉంగ్జిన్‌ని, అంటే ఇప్పటి గోంగ్జుని, రాజధాని చేసుకున్నారు. రెండేళ్లు కూడా కాకముందే రాజు మూన్‌జుని సొంత మంత్రే చంపించాడు. ప్రాణభయంతో దాక్కున్న రాజ్యం అది, రాజధాని అన్న మాటే గానీ.

డోంగ్‌సోంగ్ మొదట్లో బాగానే నిలదొక్కుకున్నాడు, సిల్లాతో పొత్తు కూడా కలుపుకున్నాడు. చివర్లో మాత్రం పాడైపోయాడు. 499లో ఘోరమైన కరువొచ్చింది, జనం ఒకరినొకరు తినే స్థితి వచ్చిందని సామ్‌గుక్ సాగి రాస్తుంది. ధాన్యం గిడ్డంగులు తెరవమని మంత్రులు అడిగితే రాజు ఒప్పుకోలేదు. హాన్‌సాన్ ప్రాంతం నుంచి 2,000 మంది శత్రువు కోగుర్యో వైపే పారిపోయారు. మరుసటి ఏడాదే ఈయన ఎత్తైన మండపం కట్టించి, చెరువు తవ్వించి, వింత పక్షుల్ని పెంచాడు. వద్దని చెప్పడానికి వచ్చిన మంత్రుల మాట వినకపోగా, ఇంకెవరూ రాకుండా కోట తలుపులు మూయించాడు. 501లో బెక్ గా అనే పెద్ద అధికారిని ఇష్టం లేని చోట, గారిమ్ కోటకి పంపిస్తే అతను పగబట్టాడు. రాజు వేటకి పోయి మంచులో చిక్కుకుని ఒక పల్లెలో రాత్రి బస చేస్తే మనిషిని పంపి పొడిపించాడు.

అప్పుడొచ్చాడు ముర్యోంగ్, 40 ఏళ్ల వయసులో. ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. రాజధాని పోవడం, వరసగా రాజులు హత్యకి గురవడం, కరువు, ఇవన్నీ పెద్దవాడై కళ్లారా చూసినవాడు. వచ్చీ రాగానే తిరగబడ్డ బెక్ గా మీదికి సైన్యంతో బయల్దేరాడు. అతను బయటికొచ్చి లొంగిపోయినా వదల్లేదు, తల నరికించి నదిలో పారేయించాడు. కఠినంగానే ఉంటుంది కానీ, రాజుని చంపినవాణ్ణి క్షమిస్తే ఆ రాజ్యంలో తర్వాతి హత్య ఎంతో దూరంలో ఉండదు.

506 వసంతంలో అంటువ్యాధి, ఆ వెంటనే మూడో నెల నుంచి ఐదో నెల దాకా వాన లేదు, నదులు ఎండిపోయాయి, జనం ఆకలితో అల్లాడారు. ముర్యోంగ్ గిడ్డంగులు తెరిపించాడు. సరిగ్గా ఏడేళ్ల కిందట డోంగ్‌సోంగ్ చెయ్యనన్న పని ఇదే. 510లో ఇంకో ఆజ్ఞ ఇచ్చాడు, నీటి కట్టలు గట్టిపరచండి, రాజధానిలోనూ బయటా పనీపాటా లేకుండా తిరిగేవాళ్లని పొలాలకి పంపండి అని. హాన్ నది పోయాక దక్షిణాన ఉన్న నేలనే బాగుచేసుకోవాలి కాబట్టి, నా ఉద్దేశంలో ఇతని పాలనకి ప్రాణం ఇదే. కట్టలుంటే పంట, పంట ఉంటే సైన్యం, ఆ తర్వాతే ఏ రాయబారమైనా.

యుద్ధాలు లేవనుకోవద్దు, అవీ ఉన్నాయి. 512లో కోగుర్యో వాళ్లు రెండు కోటలు పట్టుకుని దోచుకుంటుంటే రాజు తనే 3,000 మంది గుర్రపు దళంతో వెళ్లాడు. ఎదుటివాళ్లు ఇంత తక్కువ మందే కదా అని వ్యూహం కూడా పన్నలేదు, ఈయన ఊహించని పద్ధతిలో ఒక్కసారిగా మీదపడి చెల్లాచెదురు చేశాడు. అప్పటికి వయసు 50 దాటింది. 521లో దక్షిణ చైనాలోని లియాంగ్ చక్రవర్తికి పంపిన లేఖలో, కోగుర్యోని ఎన్నోసార్లు ఓడించాం, బెక్జే మళ్లీ బలమైన రాజ్యమైంది అని చెప్పుకున్నాడు. ఆ చక్రవర్తి ఇచ్చిన బిరుదే పైన రాతిపలక గారు చెప్పిన మహాసేనాని బిరుదు. ఆ ప్రయాణంలో సిల్లా రాయబారులు కూడా బెక్జే వాళ్ల వెంటే వెళ్లారు, అంటే సిల్లాకి చైనా దారి చూపించేంత పలుకుబడి అప్పట్లో బెక్జేకి ఉంది.

పాతకోటలు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. గిడ్డంగుల విషయం పక్కపక్కన పెట్టి చెప్పడంతో బాగా అర్థమైంది. అంటే జనం దృష్టిలో కూడా ఇతను మంచి రాజే అనుకోవచ్చా? సామ్‌గుక్ సాగిలో ఎనిమిది అడుగుల పొడుగు, బొమ్మ గీసినట్టుండే కళ్లూ కనుబొమ్మలూ, దయగలవాడు, జనం మనసులు ఇతని వైపు తిరిగాయి అని ఉందట కదా.

ఉత్తరపుగాలి:

ఆ వర్ణనని మరీ సీరియస్‌గా తీసుకోవద్దండి. మంచి రాజు అంటే పొడుగ్గా, అందంగా, దయగా ఉండాలని ఆ కాలపు చరిత్రకారులకి ఒక మూస ఉంది.

వరదకట్ట గారు చెప్పినవన్నీ నిజమే, కానీ అదే గ్రంథంలో 521 కింద ఏముందో కూడా చూడాలి. వేసవిలో పెద్ద వరద, ఆ తర్వాత మిడతలు పంటని తినేశాయి, జనం ఆకలికి తట్టుకోలేక 900 కుటుంబాలు సిల్లాకి వలసపోయాయి. చైనా చక్రవర్తికి మేం మళ్లీ బలవంతులమయ్యాం అని లేఖ పంపిన ఏడాదీ అదే! కుటుంబానికి నలుగురైదుగురు వేసుకున్నా వేల మంది అవుతారు, డోంగ్‌సోంగ్ కాలంలో పోయిన 2,000 మంది కంటే ఎక్కువే. అప్పుడు గిడ్డంగులు తెరిచినట్టు ఎక్కడా లేదు. ఇంకొకటి, 523 రెండో నెలలో, అంటే చనిపోవడానికి మూడు నెలల ముందు, ఉత్తరాన ఉన్న ఊళ్ల నుంచి 15 ఏళ్లు దాటినవాళ్లందర్నీ పనికి రప్పించి సాంగ్‌హ్యోన్ కోట కట్టించాడు. పదిహేనేళ్ల కుర్రాళ్లు రాళ్లు మోశారన్నమాట. చెడ్డ రాజు అనట్లేదు, ఆ కాలంలో ఏ రాజైనా ఇలాగే చేసేవాడు. కానీ మంచివాడు, జనం ప్రేమించారు అని ఊరుకుంటే ఆ 900 కుటుంబాలు లెక్కలోంచి పోతాయి, నాకు అది ఇష్టం లేదు.

వరదకట్ట:

ఒప్పుకుంటానండి, 521 సంగతి తప్పకుండా చెప్పాల్సిందే. అయితే ఒక్క మాట. 900 కుటుంబాలు వెళ్లింది సిల్లాకి, అది మిత్రరాజ్యం. డోంగ్‌సోంగ్ కాలంలో జనం వెళ్లింది రాజధానిని తగలబెట్టిన శత్రువు దగ్గరికి. రెండింటినీ ఒకే తూకం వేయలేం. ఇక గిడ్డంగుల్లో ఆ ఏడాది ధాన్యం మిగిలి ఉందో లేదో, వరద ఎంత ముంచిందో గ్రంథం చెప్పదు. 510లో వేయించిన కట్టలు ఆ వరదకి తెగిపోయాయేమో అని మాత్రం నాకు అనిపిస్తూ ఉంటుంది.

గుమ్మందగ్గర:

సమాధి గురించి అందరూ ఒక ముక్కలో దాటేశారు, నాకు మాత్రం అదే అన్నిటికంటే ఇష్టం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

1971 జూలైలో గోంగ్జులో అప్పటికే తెలిసిన 5, 6 నంబర్ల సమాధుల్లోకి వాననీరు దిగకుండా వెనకవైపు కాలువ తవ్వుతుంటే పనివాళ్ల పారకి ఇటుక తగిలింది. అలా బయటపడింది. దొంగలు ముట్టుకోని సమాధి, పైగా ఎవరిదో పేరుతో సహా రాసి ఉన్నది. బెక్జే రాజుల సమాధుల్లో ఫలానా రాజుదని ఖాయంగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఇంత దొరికితే ఏం చెయ్యాలి? నెలల తరబడి అంగుళం అంగుళం చూస్తూ తవ్వాలి. అక్కడ జరిగింది వేరు. వార్త పొక్కి జనం, విలేకరులు ఎగబడ్డారు, తోపులాటలో ఒక కంచు చెంచా కూడా విరిగింది. ఆ టెన్షన్‌లో తవ్వకాల బృందం రాత్రికి రాత్రే లోపలున్నదంతా తీసేసింది, తెల్లారేసరికి ఖాళీ. చిన్న చిన్న వస్తువుల్ని ఊడ్చి గోనెసంచుల్లోకి ఎత్తారు. ఏ పూస ఎక్కడ పడి ఉందో, ఏ ఆభరణం శరీరంలో ఏ భాగం దగ్గర ఉందో చాలావాటికి ఇక ఎప్పటికీ తెలియదు. బృందానికి నాయకత్వం వహించిన కిమ్ వోన్‌యోంగ్ ఆ తర్వాత ఎన్నో ఏళ్లు దీని గురించి బహిరంగంగానే బాధపడ్డాడు. ఇది చదివినప్పుడల్లా నాకు నిజంగా కడుపు రగిలిపోతుంది. పద్నాలుగున్నర శతాబ్దాలు చెక్కుచెదరకుండా ఉన్నది ఒక్క రాత్రిలో చెదిరిపోయింది.

అయినా దొరికినవి మామూలువి కావు. లోపలికి వెళ్లగానే ఎదురుగా రాతితో చెక్కిన కాపలా జంతువు, ఎత్తు 30 సెంటీమీటర్లే, తల మీద ఇనుప కొమ్ము, పెదాలకి ఎర్ర రంగు, పందికీ ఇంకేదో జంతువుకీ మధ్యలా బొద్దుగా ఉంటుంది. దాని ముందు ఆ రెండు పలకలు, పలకల మీద దాదాపు 90 చైనా నాణేల కట్ట. ఆ నాణేలెందుకంటే, రెండో పలక ఒక భూమి కొనుగోలు పత్రం! 525 ఎనిమిదో నెల 12న బెక్జే రాజు సామా 10,000 నాణేలిచ్చి, భూమికి అధిపతులైన దేవతల దగ్గర ఈ స్థలం సమాధి కోసం కొన్నాడు, సాక్ష్యంగా ఈ పత్రం అని రాసి ఉంది. రాజ్యమంతా తనదే అయినా ఆరడుగుల నేల కోసం దేవతలకి డబ్బు కట్టి పత్రం రాయించుకున్నాడన్నమాట.

తర్వాత రాణి 526లో పోయింది. ఆమె దేహాన్ని రెండేళ్లకి పైగా వేరే చోట ఉంచి, 529 రెండో నెలలో భర్త పక్కకి చేర్చారు. రాజుకీ అలాగే చేశారు, 523 ఐదో నెలలో పోతే 525 ఎనిమిదో నెలలో గాని సమాధి చెయ్యలేదు. రాణిని తెచ్చినప్పుడు కొత్త రాయి చెక్కలేదు, ఆ భూమి పత్రం పలకనే తిరగేసి వెనక వైపు ఆమె వివరాలు చెక్కారు.

ఆమె వెండి కంకణాల లోపలి వైపు చూస్తే, 520 రెండో నెలలో దారి అనే పనివాడు రాణి గారి కోసం చేశాడని, బరువెంతో కూడా చెక్కి ఉంటుంది. 1,500 ఏళ్ల కిందటి కంసాలి పేరు! ఆ కాలపు సేనాపతుల పేర్లు ఎన్నో పోయాయి, ఇతని పేరు మిగిలింది.

సమాధి గది మొత్తం తామరపూల అచ్చులున్న ఇటుకలతో, కమాను కప్పుతో, దక్షిణ చైనా పద్ధతిలో కట్టారు. గోడల్లో దీపాలకి ఐదు గూళ్లు. ఒక ఇటుక మీద 512కి సరిపోయే సంవత్సరం రాసి ఉంది, అంటే చనిపోవడానికి పదకొండేళ్ల ముందే ఇటుకలు కాల్చడం మొదలై ఉండొచ్చు. శవపేటికల చెక్కని తర్వాత పరీక్షిస్తే అది జపాన్ దీవుల్లో మాత్రమే సహజంగా పెరిగే కొయామాకి చెట్టుదని తేలింది. ఇటుకల పని చైనాది, చెక్క జపాన్‌ది, బంగారు పని బెక్జే వాళ్లది. 475లో అన్నీ పోగొట్టుకున్న రాజ్యం యాభై ఏళ్లలో ఎక్కడెక్కడితో సంబంధాలు పెట్టుకుందో ఆ ఒక్క గదిలో కనిపిస్తుంది.

చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: 1997 నుంచి అసలు సమాధి లోపలికి ఎవర్నీ పంపట్లేదు. పక్కనే అదే కొలతలతో నమూనా గది ఉంది, వస్తువులు గోంగ్జు జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

పాతకోటలు:

గుమ్మందగ్గర గారూ, ఆ కంకణాల సంగతి అద్భుతం. చివరిగా ఒకటి. జపాన్ చక్రవర్తులు ముర్యోంగ్ వంశం వాళ్లేనని ఎక్కడో చూశాను, ఇది నిజమేనా, లేక ఊరికే ప్రచారమా?

రాతిపలక:

కొంచెం నిజం, కొంచెం పెంచి చెప్పడం. 2001 డిసెంబర్‌లో అప్పటి చక్రవర్తి అకిహిటో తన పుట్టినరోజు సందర్భంగా విలేకరులతో మాట్లాడుతూ, చక్రవర్తి కాన్ము తల్లి బెక్జే రాజు ముర్యోంగ్ సంతతి అని షోకు నిహోంగి అనే జపాన్ పాత చరిత్రలో రాసి ఉందని, అందుకే కొరియాతో తనకి ఒక బంధం ఉన్నట్టు అనిపిస్తుందని చెప్పాడు. కాన్ము 781లో గద్దెనెక్కినవాడు, ఆ గ్రంథం 797 నాటిది. కాబట్టి మాట ఉన్నది తల్లి వైపు నుంచి, అదీ ఒక చక్రవర్తి గురించి. వంశమంతా ముర్యోంగ్‌దే అన్నది తర్వాత ఇంటర్నెట్‌లో అతికించిన ముక్క.

దానికంటే నేరుగా కనిపించే సంబంధం అతని కాలంలోనే ఉంది. 513లో ముర్యోంగ్ దాన్ యాంగి అనే పండితుణ్ణి చైనా పంచశాస్త్రాలు నేర్పడానికి జపాన్ పంపాడు, 516లో అతని బదులు గో ఆన్మూ అనే ఇంకో పండితుణ్ణి పంపాడు. ముర్యోంగ్ కొడుకు సోంగ్ కాలానికి వచ్చేసరికి ఇదే దారిలో బౌద్ధం కూడా అధికారికంగా జపాన్ చేరింది. ఈ సోంగే 538లో రాజధానిని ఉంగ్జిన్ నుంచి సాబికి, అంటే ఇప్పటి బుయోకి మార్చాడు. అతని గురించి అడగాలంటే వేరే ప్రశ్న వెయ్యండి, అక్కడ చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.